తలుపు కింద దూరని మందం

ఆర్లెన్ రువోనా కూతురి గది ముందు మోకాళ్ళ మీద కూలబడి, తలుపు కింది సందులోంచి లామినేట్ ముక్కొకటి లోపలికి తోశాడు. వంటింటి గట్ల మీద అతికించే రేకు అది. వంటిళ్ళు అమర్చడం అతని పని; ఇళ్ళవాళ్ళు రంగు ఎంచుకోవడానికి అలాంటి ముక్కలు ఓ గొలుసుకి గుచ్చి ఎప్పుడూ వ్యాన్లో వేలాడేసుకుని తిరుగుతాడు. నలభై అయిదేళ్ళ మనిషి చెంప నేలకానించి తలుపు కిందకి తొంగిచూస్తుంటే ఎవరైనా నవ్వుతారు. నవ్వితే నవ్వనీ. ఏప్రిల్ నుంచి ఆ ఇంట్లో నవ్వన్నది ఎవరూ వినలేదు.

"అమ్మలూ, మీ బాక్స్ మీదకి ఇదెలా ఉంటుందంటావ్? చెయ్యి పెడితే జారిపోతోంది చూడు."

కాసేపటికి ఆ ముక్క వెళ్ళిన దారినే సర్రున వెనక్కి వచ్చి అతని ముక్కుకి తగిలింది.

"అది వంటింటి గట్టు కాదు నాన్నా. తడి తగిలితే అంచులు ఉబ్బుతాయి. వారం తిరక్కుండా పొరలు లేచిపోతాయి."

ఆర్లెన్‌కి ముక్కు నొప్పి తెలియలేదు. "ఊఁ", "వద్దు", "ఆకలి లేదు" తప్ప ఇంకోటి రాని గొంతులోంచి వరసగా ఇన్ని మాటలు! వాటిలో కోపం కూడా ఉంది. ఆ కోపం వినగానే అతనికి ప్రాణం లేచొచ్చింది. వంటగదిలోకి పరిగెత్తాడు.

"కొలెట్! పిల్ల నన్ను తిట్టింది! లామినేట్ పనికిరాదని తిట్టింది!"

అతని భార్య కొలెట్ ఆసుపత్రిలో నర్సు. డ్యూటీ దిగి వచ్చి, బూట్లు కూడా విప్పకుండా కాఫీ తాగుతోంది. "నేను రోజూ తిడుతూనే ఉన్నాను. ఒక్కనాడూ ఇలా పొంగిపోలేదే నువ్వు," అంది. అని, కప్పు బల్ల మీద పెట్టి, మొహం చేతుల్లో దాచుకుని ఏడ్చింది.

కూతురు మైయాకి పదహారేళ్ళు. సందు చివరింటి బ్రెన్నా ట్రెజోనా, ఈ పిల్లా కలిసి పాకారు, కలిసి బడికెళ్ళారు, కలిసి కొండ మీద మంచులో జారే స్నోబోర్డులెక్కి మోకాళ్ళు పగలగొట్టుకున్నారు. పోయిన చలికాలం ఇద్దరూ ఆర్లెన్ గ్యారేజీలో ఒక బాక్స్ మొదలుపెట్టారు. ఆ ఊళ్ళో అదేం వింత కాదు. నవంబరులో పడ్డ మంచు మే దాకా కదలని చోట పెరటికో బాక్స్ ఉంటుంది. మోకాలెత్తున పొడుగాటి చెక్క పెట్టె, దానికి నున్నటి పైభాగం, అంతే. వాలు మీంచి బోర్డు మీద జారుకుంటూ వచ్చి, ఎగిరి దాని మీదకెక్కి, ఈ చివర్నుంచి ఆ చివరికి జారి దిగాలి. పిల్లలు చట్రం కట్టేశారు, పక్కలకి ఇనప అంచులు బిగించేశారు. పైన ఏం పరవాలన్న దగ్గర మాత్రం ఇద్దరికీ పడలేదు. మైయా మైనం పట్టించిన చెక్క అంటుంది, బ్రెన్నా ప్లాస్టిక్ అంటుంది. ఆ వాదన తెమలకుండానే ఏప్రిల్ వచ్చింది. పగలు కరిగి, రాత్రి గడ్డకట్టే రోజులు. వంతెన మీద ట్రెజోనాల కారు జారింది. అందులో బ్రెన్నా ఉంది.

ఆ తర్వాత మైయా గది తలుపు మూసుకుంది. డాక్టర్లకి చూపించారు. మాటల్తో నయం చేసే ఆవిడ దగ్గరికి తీసుకెళితే, ఆవిడ ముందు కూర్చుని తన గోళ్ళు తను చూసుకుని వచ్చింది. ఒకరోజు కొలెట్ ఇంట్లో ఉన్న మందు సీసాలన్నీ సంచిలో వేసుకుని ఆసుపత్రిలో అప్పగించి వచ్చింది. అదే రోజు ఆర్లెన్ తన వేట తుపాకీ తీసుకెళ్ళి తమ్ముడింట్లో పెట్టి వచ్చాడు. ఎందుకని ఒకర్నొకరు అడగలేదు. పిల్ల మనకి దక్కుతుందా అని పైకి అనడానికి ఇద్దరికీ నోరు రాలేదు.

ఇప్పుడు ఆర్లెన్‌కి ఒక దారి దొరికింది. మర్నాడు స్నానాల గది గోడలకి కొట్టే, పైన నున్నటి పూతున్న తెల్ల అట్ట ముక్క తలుపు కింద తోశాడు.

"ఇది బ్రెన్నా వాళ్ళ మామయ్య వేసి చూశాడు," అంది లోపలి గొంతు. "ఒక పూట బాగుంటుంది. పైన గీత పడిందంటే చాలు, లోపలి అట్ట నీళ్ళు పీల్చేస్తుంది. ఆ తర్వాత బోర్డు దాన్ని పట్టుకుని వదలదు."

"మరి ఇది?"

"ఇంటి బయట గోడలకి కొట్టే వినైల్ కదా! చలికి బిస్కెట్లా విరుగుతుంది. మన గోడకే విరిగింది, నువ్వే కదా అతుకేశావ్. నీకేమైంది నాన్నా?"

ఏమీ కాలేదు. అతనికి తెలుసు. తెలిసే తెచ్చాడు. సరైన వస్తువు తెస్తే "ఊఁ" అని ఊరుకుంటుంది, పనికిరానిది తెస్తే మాట్లాడుతుంది. ఈ రహస్యం కనిపెట్టాక ఆర్లెన్ ఊరంతా తిరిగి పనికిరానివి ఏరడం మొదలుపెట్టాడు. సామాన్ల కొట్టు వెర్నా నోరు ఊరుకునే రకం కాదు.

"ఏమయ్యోయ్, ఎవరూ కొనక మూల పడేసిన సరుకంతా నీకే కావాల్సొచ్చిందా? ఈ గొట్టాలు కుక్కపిల్ల ఆడుకోవడానికి కూడా పనికిరావు."

"పనికిరానివే కావాలి వెర్నా. వాటిని చూసి నన్ను తిట్టే మనిషి ఉంది మా ఇంట్లో."

వెర్నా ఇంకో హాస్యం ఆడబోయి ఆగింది. ఊరు చిన్నది, అందరికీ అన్నీ తెలుసు. గొట్టం ముక్క కాగితంలో చుట్టి చేతికిచ్చి, "మళ్ళీ రా. ఇంతకంటే చెత్త వెతికి పెడతాను," అంది.

అసలు ఉపాయం అతనికి వ్యాన్ నడుపుతుంటే తట్టింది. పల్చటి ముక్క తలుపు కింద దూరుతుంది. మందపు ముక్క దూరదు. ఆ సాయంత్రం వేలెడు మందం ఉన్న యాక్రిలిక్ పలక పట్టుకొచ్చాడు.

"తలుపు కింద దూరట్లేదు అమ్మలూ."

"పక్కకి తిప్పు."

"తిప్పినా దూరట్లేదు."

లోపల మంచం కిర్రుమంది. తర్వాత గడియ కదిలింది. తలుపు జానెడు తెరుచుకుని, సందులోంచి ఒక చెయ్యి వచ్చింది. మణికట్టు దగ్గర ఎముక కనబడుతోంది. చేతికున్న ఆకుపచ్చ స్వెట్టర్ బ్రెన్నాది. ఆ చెయ్యి పలకని తడిమి, గోటితో కొట్టి చూసింది.

"గాజు కంటే నయం, అంతే. చలిలో దెబ్బ తగిలితే పగిలి కత్తుల్లా లేస్తుంది. బ్రెన్నా మోచెయ్యి కోసుకుంది దీంతోనే. కట్టు కట్టింది నువ్వే, మర్చిపోయావా?"

"గుర్తుంది తల్లీ."

మర్చిపోతాడా? ఆ రోజు బ్రెన్నా నెత్తురు కారుతుంటే కూడా నవ్వుతూనే ఉంది. "బాబాయ్, కుట్లెందుకు, మీరే అతుకేసెయ్యండి, వంటిళ్ళకి వేస్తారుగా," అంది. మైయా పొట్ట పట్టుకుని నవ్వింది. తలుపు ఇవతల నిలబడి ఆర్లెన్ ఆ నవ్వు గుర్తు చేసుకుని తట్టుకోలేకపోయాడు. పలక చంకన పెట్టుకుని గ్యారేజీలోకి వెళ్ళి, కప్పేసి ఉన్న బాక్స్ పక్కన నిలబడి ఏడ్చాడు.

ఆ రోజు నుంచి అన్నీ మందపువే తెచ్చాడు. విరిగిన గట్టు చెక్క తెచ్చాడు. బంతులు దొర్లించి ఆడే బౌలింగ్ హాలు మూతపడితే, దాని నేల పలక తెచ్చాడు. ఆ పలకకి పాత మైనం వాసన ఉంది. మైయా దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని గుమ్మంలోనే కూర్చుండిపోయింది. "ఇది బావుంది గానీ, అతుకుల మధ్యకి నీళ్ళు దిగితే చెక్కలు లేస్తాయి," అని చెప్పి, కొలెట్ తెచ్చి పక్కన పెట్టిన మాంసం కూరి కాల్చిన పేస్టీలో సగం అక్కడే కూర్చుని తింది. కొలెట్ గోడ చాటు నుంచి చూస్తూ, నమిలినప్పుడల్లా తనూ దవడ కదిపింది. తలుపు జానెడు నుంచి మూరెడైంది. ఆ వేగంతో వసంతం నాటికి పిల్ల బయటికొచ్చేస్తుందని ఆర్లెన్ లెక్కలేసుకున్నాడు.

కొలెట్‌కి అంత ఓపిక లేదు.

"ఇంకెన్నాళ్ళు? జనవరి అయిపోవస్తోంది. గుమ్మంలో కూర్చోబెట్టి కబుర్లు చెప్పించుకుంటే సరిపోయిందా? ఆ పెట్టె గ్యారేజీలో గుడ్డ కప్పుకుని పడుంటే, కారు పెట్టినప్పుడల్లా నాకెలా కనిపిస్తోందో తెలుసా నీకు?"

ఎలా కనిపిస్తోందో ఆమె చెప్పలేదు. అతనూ అడగలేదు. ఆ రోజు నుంచి అతనికీ అలాగే, బ్రెన్నాని మోసిన పెట్టెలా, కనిపించడం మొదలైంది.

"దాన్ని బయట పెట్టు ఆర్లెన్. పిల్లని బయటికి తీసుకురా. గుమ్మం దాకా కాదు. బయటికి."

ఆ వారంలోనే క్లైడ్ ట్రెజోనా పికప్ బండి వాళ్ళ వాకిట్లో ఆగింది. బ్రెన్నా తాత. ఊళ్ళో మంచు మీద హాకీ ఆడే పాత మైదానాన్ని చూసుకున్నది ఆయనే. దాన్ని పడగొట్టినప్పుడు, మైదానం చుట్టూ గోడలా నిలబెట్టే తెల్ల ప్లాస్టిక్ పలకలు రెండు తెచ్చి కొట్టంలో దాచుకున్నాడు. మంచు మీద జారడానికి వాటిని మించిన వస్తువు లేదని ఆ ఊళ్ళో పిల్లల దగ్గర్నుంచి అందరికీ తెలుసు.

"ఒరేయ్ ఆర్లెనూ, చెత్తకుప్పలన్నీ కెలుకుతున్నావట. సరైన సరుకు నా దగ్గర మూలుగుతోందని తెలీదా నీకు?"

"అడగడానికి మొహం చెల్లలేదు బాబాయ్."

"మా పిల్లకి చెల్లింది. నా ప్రాణం తీసింది వీటికోసం. 'తాతా, ఇస్తావా చస్తావా' అని. వేసవిలో ఇస్తాలే, ఇప్పుడీ మంచులో ఎవడు లాగుతాడు అన్నాను." ముసలాయన బండి తలుపు పట్టుకుని నిలబడ్డాడు. "వేసవిలో ఇస్తాలే అన్నాన్రా."

ఇద్దరూ పలకలు దింపారు. పోతూ పోతూ క్లైడ్ వెనక్కి తిరిగాడు. "ఎలా బిగించాలో మీ అమ్మాయినడుగు. నాకు తెలిసిందంతా ఆ పిల్లలిద్దరూ బట్టీ పట్టారు."

ఆర్లెన్ ఒక పలక ఈడ్చుకెళ్ళి, మైయా గది ముందు నడవాలో గోడకానించాడు. పొడుగు, బరువు, నిండా హాకీ ఆటలో కొట్టే రబ్బరు బిళ్ళలు తగిలిన నల్లటి చారలు. తలుపు తట్టబోయే లోపే అది తెరుచుకుంది. పలక నేల మీద ఈడ్చిన చప్పుడుకే మైయా గుర్తుపట్టింది. గుమ్మం దాటి నడవాలోకి వచ్చింది. పిల్ల ఆ తెల్ల పలకకి చెంప ఆనించి, కళ్ళు మూసుకుంది.

"బ్రెన్నాయే గెలిచింది," అంది.

"అవును తల్లీ."

"వీటిని ముందు ఒక రాత్రి మంచులో పడుకోబెట్టాలి నాన్నా. బ్రెన్నా అలాగే అనేది. పడుకుని లేచాకే కొయ్యాలి, అప్పుడే బిగించాలి."

"పడుకోబెట్టి జోల కూడా పాడాలా?" అన్నాడు అతను సంతోషం పట్టలేక.

"నవ్వకు. నిజంగా. పడుకోబెట్టే రోజు చెప్పు. నేనూ వస్తా."

నేనూ వస్తా! ఆర్లెన్ ఆ రెండు మాటలూ పట్టుకెళ్ళి కొలెట్‌కి చెప్పాడు, తమ్ముడికి ఫోన్ చేసి చెప్పాడు, కొట్లో వెర్నాకి చెప్పాడు. మిగతా మాటలు ఎవరికీ చెప్పలేదు. పలకల్ని పడుకోబెట్టడమన్నది, బొమ్మల్ని పడుకోబెట్టినట్టు, ఆడపిల్లలిద్దరి ముచ్చట అనుకున్నాడు. పైగా అతనికి ఆ పని చెయ్యబుద్ధి కాలేదు. బ్రెన్నా అడిగిన పలకలు. వాటిని పిల్ల కళ్ళ ముందు మంచులో వెల్లకిలా పరిచి, పైన మంచు కప్పుకుంటుంటే ఇద్దరూ నిలబడి చూడడమా? ఆ పిల్లని నేలలో పెట్టినరోజు మైయా నిలబడిన తీరు అతనింకా మర్చిపోలేదు. వద్దు. ఆ దృశ్యం మళ్ళీ వద్దు. అంతా పూర్తి చేసి, తయారైన బాక్స్ చూపిస్తే చాలు.

అతని వృత్తిలో అలవాటు కూడా అదే. సగం కట్టిన వంటింటిని ఇంటివాళ్ళకి చూపించడు. గుమ్మానికి దుప్పటి కట్టేస్తాడు. పని ముగిసి, తుడిచి, మెరిశాక దుప్పటి లాగి పక్కకి తప్పుకుని, ఇల్లాలి మొహం చూస్తాడు. ఆ మొహం కోసమే ఈ పని చేస్తున్నానంటాడు.

బయట తుఫాను. గ్యారేజీలో హీటర్ పెట్టుకుని, చొక్కా చేతులు మడుచుకుని, ఆర్లెన్ పని మొదలుపెట్టాడు. పలకలు కొలిచాడు, కోశాడు. రెండూ కలిసే చోట అతుకు ఎలా ఉండాలో అతనికి ఒకరు చెప్పక్కర్లేదు. గోరు దిగకూడదు. వెంట్రుక దూరకూడదు. జిల్లా మొత్తం మీద అతని అతుకులకి పేరుంది. పైన మరలు కనబడితే అతనికి చిరాకు, అందుకని రెండు చివర్లలో మాత్రం బిగించి, తలలు లోపలికి దించేశాడు. మధ్యలో ఎక్కడా ఒక్కటి కూడా కొట్టలేదు. అయ్యాక కళ్ళు మూసుకుని అరచేత్తో ఈ చివర్నుంచి ఆ చివరిదాకా నిమిరాడు. అతుకు ఎక్కడుందో అతనికే దొరకలేదు. ఏప్రిల్ తర్వాత మొదటిసారి అతను ఈల వేశాడు.

తుఫాను వెలిసిన మర్నాడు, ముక్కులోపలి వెంట్రుకలు కూడా గడ్డకట్టే చలి. తమ్ముడూ అతనూ కలిసి బాక్స్‌ని మంచు బండికి కట్టి పెరట్లోకి లాక్కెళ్ళి, వాలు కింద నిలబెట్టారు. ఇల్లు వెచ్చగా ఉన్నవాడికి బయటి చలి ఏం చేస్తుందో గుర్తుండదంటారు గానీ, ఆర్లెన్ ఆ చలిలోనే పుట్టి పెరిగినవాడు. అయినా బాక్స్ మీద దుప్పటి కప్పి, అది ఒక రోజంతా అలా ఉన్నాక, కింద ఏం జరుగుతోందో ఎత్తి చూడాలని అతనికి తోచలేదు. ఎత్తితే ముచ్చట పోతుందనుకున్నాడు.

శనివారం పొద్దెక్కాక తలుపు తట్టాడు. "అమ్మలూ, ఓసారి పెరట్లోకి రా."

"పడుకోబెడుతున్నావా?" లోపల్నుంచి గబగబా అడుగుల చప్పుడు. తలుపు తెరుచుకునేసరికే పిల్ల ఒక కాలికి బూటు తొడుక్కుంటోంది.

"రా, చూద్దువుగాని."

పెరట్లో అతను దుప్పటి కొస పట్టుకుని లాగాడు. దుప్పటి మీది సన్నటి మంచు పొడి తెల్లటి పలకల మీద పరుచుకుంది. లాగి, పక్కకి తప్పుకుని, అలవాటు ప్రకారం మొహం చూశాడు.

"బిగించేశావా?" అంది మైయా.

"నచ్చలేదా?"

పిల్ల ఏదో అనబోయింది. తండ్రిని చూసింది. వంటింటి కిటికీలో రెండు చేతులూ గుండెల మీద పెట్టుకుని నిలబడ్డ తల్లిని చూసింది. "బావుంది నాన్నా," అంది. లోపలికెళ్ళి బోర్డు తెచ్చుకుంది. అది తనకోసం కాదు, వాళ్ళకోసం ఎక్కుతోందని ఆర్లెన్‌కి ఆ క్షణాన తెలిసుంటే ఆపేవాడేమో. తెలియలేదు. అతను గెంతులేసేంత సంతోషంలో ఉన్నాడు.

మొదటిసారి నిటారుగా వచ్చింది. బోర్డు మొన ముందుకి పెట్టి ఎక్కి, గుడ్డ చించిన చప్పుడుతో ఈ చివర్నుంచి ఆ చివరికి జారి దిగింది. ఎన్నో నెలలుగా మంచానికి అంటుకుపోయిన ఒళ్ళు ఏమీ మర్చిపోలేదు. దిగి, ఊపిరి పీల్చుకుని, మళ్ళీ వాలెక్కింది. పెదవి చివర ఏదో కదిలింది. అది నవ్వేనని ఆర్లెన్ ప్రమాణం చేసి చెప్పగలడు.

రెండోసారి అడ్డంగా వచ్చింది. బ్రెన్నాకి ఇష్టమైన తీరు అదే. బోర్డుని బాక్స్‌కి అడ్డంగా తిప్పి, రెండు చేతులూ చాపి, జారుకుంటూ సరిగ్గా మధ్యకి వచ్చింది. అక్కడ బోర్డు టక్కున ఆగింది. మనిషి ఆగలేదు.

ఆర్లెన్ పరిగెత్తేసరికి మైయా లేచి కూర్చుంది. గడ్డం చిట్లి, మంచు మీద ఎర్రటి చుక్కలు పడుతున్నాయి. "కదలకు తల్లీ, కదలకు," అంటున్నాడు అతను. ఆమె వినిపించుకోకుండా బాక్స్ దగ్గరికి వెళ్ళి, చేతి తొడుగుతో మధ్యలో మంచు పొడి తుడిచింది. వెంట్రుక దూరని ఆ అతుకు ఇప్పుడు లేదు. రెండు పలకలూ చెరో చివరకీ జరిగిపోయి, మధ్యలో బొటనవేలు పట్టే సందు నోరు తెరిచి ఉంది. మైయా అందులో వేలు పెట్టి ఉంచింది.

"చలికి కుంచించుకుపోతాయి నాన్నా ఇవి. ఎంత కుంచించుకోవాలో అంతా అయ్యాక కొయ్యాలి. అందుకే ఒక రాత్రి పడుకోబెట్టాలని చెప్పాను."

"నేను... అది మీ ఇద్దరి ఆటేమో అనుకున్నాను తల్లీ."

"బ్రెన్నా చెప్పింది చెప్పాను నీకు. నా దగ్గర మిగిలిందదొక్కటే." నెత్తురు ఆకుపచ్చ స్వెట్టర్ మీద పడుతోంది. ఆమె తుడుచుకోలేదు. గొంతులో కోపం లేదు, అది ఉంటే ఎంత బావుండేది! "ఇన్ని రోజులూ నువ్వు వింటున్నావనుకున్నాను."

తలుపు ఇవతల కూర్చున్న ప్రతి సాయంత్రమూ అతను చెవి ఒగ్గి విన్నాడు, నిజమే. కానీ విన్నది గొంతుని. ఆ గొంతు వస్తోందన్న సంబరంలో అది ఏం చెబుతోందో వినలేదు. జవాబులు ముందే తెలిసిన ప్రశ్నలు అడిగి అడిగి, తెలియని జవాబు వచ్చిన రోజున దాన్ని గుర్తుపట్టలేకపోయాడు.

కొలెట్ బయటికి పరిగెత్తుకొచ్చి పిల్లని లోపలికి తీసుకెళ్ళింది. గడ్డానికి కుట్లు పడ్డాయి. ఆ స్వెట్టర్‌ని చన్నీళ్ళలో నానబెట్టి ఉతికింది. మరక పోయింది గానీ, దాంతోపాటు బ్రెన్నా వాసన కూడా పోయింది. మైయా దాన్ని తీసుకుని, మడిచి, మళ్ళీ తొడుక్కోలేదు. గది తలుపు మూసుకుంది.

ఆర్లెన్ మానలేదు. లామినేట్ ముక్క తోశాడు. అది వెనక్కి రాలేదు. ఇంకోటి తోశాడు, ఇంకోటి తోశాడు. గొలుసులో ముక్కలన్నీ ఒక్కొక్కటే ఆ సందులోకి వెళ్ళిపోయాయి, ఒక్కటీ తిరిగి రాలేదు. చివరికి బౌలింగ్ హాలు పలక తెచ్చి గుమ్మానికి ఆనించాడు.

"అమ్మలూ, ఇది దూరట్లేదు."

"అక్కడే పెట్టెయ్ నాన్నా."

"ఏది వెయ్యమంటావో చెప్పు తల్లీ. ఈసారి నువ్వెలా చెబితే అలాగే. ఒక్క మాట దాటను."

"ఏదైనా ఒకటేలే నాన్నా."

అతను ఎదురుచూశాడు, ఇంకో మాటేమైనా వస్తుందేమోనని. కొలెట్ మెట్ల మీద కూర్చుని ఎదురుచూసింది. అంతకుముందు ఆ పిల్ల నోట ఏదైనా ఒకటే అన్న మాట ఎప్పుడూ రాలేదు. చెక్కకీ ప్లాస్టిక్‌కీ ఒక చలికాలమంతా పోట్లాడిన పిల్ల అది.

మర్నాడు సాయంత్రం, వెలుగు పోకముందే, ఆర్లెన్ పెరట్లోకి వెళ్ళి మరలన్నీ విప్పాడు. పలకలు రెండూ తీసి, కూతురి కిటికీ కింద మంచు చదును చేసి, పక్కపక్కన వెల్లకిలా పరిచాడు. పరిచి, తలెత్తాడు.

"పడుకోబెడుతున్నాను, అమ్మలూ! వస్తానన్నావు కదా!"

కిటికీ తెర కదల్లేదు. మళ్ళీ పిలిచాడు. పక్కింటి కుక్క మొరిగింది. సన్నగా మంచు పడడం మొదలైంది. అతను టోపీ కూడా లేకుండా అక్కడే నిలబడ్డాడు. పలకల మీది నల్ల చారలు ముందు మాసిపోయాయి, తర్వాత అంచులు మాసిపోయాయి. కొలెట్ డ్యూటీకి బయల్దేరుతూ అతన్ని చూసి, కారు ఆపి, దగ్గరికొచ్చింది.

"పలకలేవి?"

"పడుకోబెట్టాను."

"దానికి చెప్పావా?"

"చెప్పాను."

ఇద్దరూ కిటికీ వైపు చూశారు. కొలెట్ అతని చొక్కా చెయ్యి మీది మంచు దులిపి, కారెక్కి వెళ్ళిపోయింది. ఈలోగా పెరడంతా ఒకే తెలుపైపోయింది. పొద్దున్నకి ఎక్కడ పెట్టిందీ తనకే తెలియకుండా పోతుందని ఆర్లెన్‌కి భయం వేసింది. గ్యారేజీ గోడకున్న పార తెచ్చి, పలకల తలవైపు, పిడి పైకి వచ్చేలా మంచులో లోతుగా దిగ్గొట్టాడు. రెండడుగులు వెనక్కి వేసి చూసుకున్నాడు. బ్రెన్నా సమాధి తలవైపు కూడా అచ్చం ఇలాగే ఓ గుర్తుంది. చూసి, ఒక్క ఉదుటున వెళ్ళి రెండు చేతులతో దాన్ని పీకేశాడు.